పాత బండి సర్వీసింగ్: కంపెనీకా, షెడ్డుకా, మన చేతికా?

నా బండి 2008 స్ప్లెండర్ ప్లస్. ఏపీ 16 నంబరు, ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అనే ఉంటుంది. పదిహేనేళ్ళు నిండాక ఆర్‌సీ రెన్యువల్ చేయించి ఇంకో అయిదేళ్ళు ఆయుష్షు పోయించాను. విజయవాడలో, గుంటూరులో ఇలాంటి బళ్ళు సందుకి పది ఉంటాయి. అమ్ముదామంటే పెద్దగా రాదు, మూలన పడేద్దామంటే మనసొప్పదు, ఇంజను మాత్రం ఒక్క కిక్కుకే పలుకుతుంది. చిక్కంతా సర్వీసింగ్ దగ్గరే. కంపెనీ వాళ్ళకి ఇద్దామా, సందు చివర షెడ్డులో పెడదామా, వీడియోలు చూసి మనమే విప్పుదామా?

మూడూ చేసి చూశాను. మూడు చోట్లా ఏదో ఒక దెబ్బ తిన్నాను. అందులో ఒకటి స్వయంకృతం.

ముందు దేన్ని బట్టి తేల్చుకోవాలి

ఎవరిని కదిపినా మొదట డబ్బు లెక్క చెబుతారు. నా దృష్టిలో అది ఆఖరి లెక్క. వంద సీసీ బండికి ఏడాదికి మూడు సర్వీసులు అనుకున్నా, కూలి మొత్తం మిగుల్చుకుంటే నాకు తేలింది వెయ్యి, వెయ్యిన్నర. ఆయిలు, ప్లగ్గు ఎవరు వేసినా కొనాల్సిందే కదా. ఆ మాత్రం దానికి ఆదివారం పొద్దున్నే గోళ్ళలో గ్రీజు పెట్టుకోనక్కర్లేదు.

నేను మొదట వేసుకునే ప్రశ్న వేరు. ఈ పనిలో చెయ్యి జారితే ఏం పోతుంది? ఆ వెంటనే ఇంకోటి: జారిన సంగతి నాకు తెలుస్తుందా? చైను కాస్త వదులుగా వదిలేశామనుకోండి, కవరుకి తగిలి టకటకలాడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ బిగించుకోవచ్చు. అదే ట్యాపెట్టు (ఇంజను వాల్వుని నొక్కి తెరిచే మర) బిగుసుకుపోయిందనుకోండి, చప్పుడే ఉండదు. బండి మెత్తగా నడుస్తున్నట్టే ఉంటుంది. లోపల వాల్వు, అంటే సిలిండరుకి గాలి, పొగ దారులు మూసే మూత, కాలిపోతూ ఉంటుంది. మొదటి తప్పు అరిచి చెబుతుంది, రెండోది చెప్పదు. అరిచి చెప్పే పనులు ఇంట్లో నేర్చుకోవచ్చు. నోరు మెదపని పనులు తెలిసిన చేతికే ఇవ్వాలి.

తర్వాత చూసుకోవాల్సింది చోటు, వేళ. అపార్ట్‌మెంట్ సెల్లారులో ఆయిలు మార్చాలంటే కింద అట్టపెట్టె పరచాలి, సెక్రటరీ గారు వాకింగ్ నుంచి వచ్చేలోపు ముగించాలి. మే నెలలో అయితే ఏడింటికి మించి బండి పక్కన కూర్చోలేం. బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు.

కంపెనీ సర్వీసు సెంటరు

దీని బలం మూడు విషయాల్లో ఉంది: అసలు స్పేర్ పార్టు, చేతికి వచ్చే బిల్లు, కంప్యూటరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధన) బళ్ళలో చాలావాటికి పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్, సెన్సార్లు ఉంటాయి కాబట్టి ఆ మూడోది పనికొస్తుంది. కార్బరేటరుతో (పెట్రోలు, గాలి కలిపే పాత పద్ధతి) నడిచే బండికి దానితో పనే లేదు. పోగా మన పదిహేనేళ్ళ బండిని చూడగానే అక్కడి కుర్రాళ్ళకి పెద్ద ఉత్సాహం ఉండదు. రోజుకి ఇన్ని బళ్ళు దాటించాలన్న లెక్క వాళ్ళది. జాబ్ కార్డులో టిక్కులు పెడుతూ పోతారు. కార్బరేటరు జెట్టు విప్పి చూసిన పెద్ద చెయ్యి ఉంటే మీ అదృష్టం.

నాకు జరిగింది చెబుతాను, ఏ సెంటరో చెప్పను. బండి ఇచ్చే ముందు ఎయిర్ ఫిల్టరు అంచు మీద స్కెచ్ పెన్నుతో చిన్న చుక్క పెట్టాను. సాయంత్రం బిల్లులో ‘ఎయిర్ ఫిల్టర్ – 1’ అని ఉంది. ఇంటికొచ్చి సైడు కవరు విప్పితే నా చుక్క నన్నే చూస్తోంది. మర్నాడు వెళ్ళి అడిగితే గొడవ లేకుండా మార్చి ఇచ్చారు, అది వేరే సంగతి. అయితే చుక్క పెట్టని సర్వీసుల మాటేమిటి?

అందుకని కంపెనీ కౌంటరుకి ఇప్పటికీ వెళ్తాను, పార్టుల కోసం. పాత పార్టు చేతిలో పట్టుకెళ్ళి చూపించడం ఉత్తమం. ఒకే పేరున్న బండిలో ఏడాదికో మార్పు ఉంటుంది.

సందు చివర షెడ్డు

పాత బండికి నిజమైన డాక్టరు ఇక్కడే ఉంటాడు. మా షెడ్డు మేస్త్రీ భాయ్ దగ్గర కంప్యూటరు లేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను హెడ్డుకి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. అరనిమిషం. ‘టైమింగ్ చైను అన్నా, ట్యాపెట్టు కాదు’ అంటాడు. ఆ చెవికి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది. దాన్ని ఏ వీడియో నేర్పదు.

ట్యాపెట్ల సంగతి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కొత్తలో ‘చప్పుడు వస్తోంది, బిగించు భాయ్’ అంటే నవ్వి, ‘కొంచెం చప్పుడు రావాలన్నా. రాకపోతేనే భయం’ అన్నాడు. వేడెక్కితే లోహం సాగుతుంది. ఆ సాగేదానికి చోటు వదలకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కాలుతుంది. కస్టమరు చప్పుడు వద్దన్నాడు కదా అని బిగించి పంపేవాళ్ళూ ఉన్నారు. ఆ రోజుకి మీరూ సంతోషం, వాళ్ళూ సంతోషం. ఆర్నెల్లకి బండి కిక్కు కొట్టినా లేవదు. ఇంకో మాట, ఇంజను చల్లగా ఉన్నప్పుడే ట్యాపెట్లు చూడాలి. పొద్దున్నే నడుపుకుంటూ వెళ్ళి ‘వెంటనే చూడు’ అంటే మీరే తప్పు చేయిస్తున్నట్టు. ముందు రోజు రాత్రి బండి అక్కడే వదిలేసి రండి.

షెడ్డు ఎంచుకునేటప్పుడు బోర్డు చూడొద్దు, పెట్టె చూడండి. ఫీలర్ గేజి (ట్యాపెట్టు సందు కొలిచే సన్నటి రేకులు) ఉందా? అడగ్గానే తీస్తాడా, వెతుక్కుంటాడా? పానాలు ఉన్నాయా, అన్నిటికీ ఒకే కటింగ్ ప్లేయరేనా? బోల్టు తలలు గుండ్రంగా అరిగిపోయిన బళ్ళు అక్కడ ఎన్ని నిలబడి ఉన్నాయి? ఈ చూపులతోనే సగం తెలుస్తుంది.

షెడ్డుతో వచ్చే చిక్కు సరుకు. లూజు ఆయిలు, పేరు లేని బ్రేక్ షూస్, ‘కంపెనీదే సార్’ అనే చైను సెట్టు. దీనికి మందు తేలిక. సరుకు మీరు కొని పట్టుకెళ్ళండి, కూలి ముందే మాట్లాడుకోండి. కొందరు మేస్త్రీలు ముఖం చిట్లిస్తారు, పార్టుల మీద వచ్చే నాలుగు రూపాయలు పోతాయి కదా. అలాంటప్పుడు కూలి మీద ఒక యాభై ఎక్కువ ఇవ్వండి, ముడి విడిపోతుంది.

విజయవాడ వాళ్ళకి ఇంకో వసతి ఉంది, ఆటోనగర్. లేతు పని, మర వేయడం, వెల్డింగ్, సిలిండరు బోరు, ఏది కావాలన్నా ఆ వీధుల్లో దొరుకుతుంది. గుంటూరు ఆటోనగర్‌లోనూ దొరుకుతుంది. మామూలు సర్వీసింగ్‌కి అంత దూరం అక్కర్లేదు. మన చేత్తో చెడగొట్టినవాటికి మాత్రం అదే దిక్కు.

సొంత చెయ్యి

ఆ దిక్కు నాకెలా తెలిసిందంటే: మొదటిసారి ఆయిలు మార్చినప్పుడు డ్రెయిన్ బోల్టు కారుతుందేమోనన్న భయంతో పానా మీద కాలు పెట్టి తొక్కాను. బోల్టు ఎక్కే రంధ్రంలో మర పోయింది. బోల్టు స్టీలు, కేసింగు అల్యూమినియం. ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. ఆటోనగర్‌లో కొత్త మర వేయించుకుని రావడానికి ఒక పూట, ఆ ఏడాది మిగుల్చుకుందామనుకున్న కూలి మొత్తం పోయాయి. ఇప్పుడు ముందు వేళ్ళతో బోల్టు పూర్తిగా ఎక్కిస్తాను. తర్వాత 17 నంబరు పానాతో మణికట్టు బలం మాత్రమే వాడి ఒక్క పట్టు. వాషరు నలిగి ఉంటే కొత్తది వేస్తాను. చుక్క కారలేదు.

ఆయిలు మార్చడం అంటే ఇంతే: అయిదు నిమిషాలు ఇంజను నడిపి ఆపండి. సెంటర్ స్టాండు మీద పెట్టి, కింద బేసిన్ ఉంచి బోల్టు తీయండి. పావుగంట కారనివ్వండి. కొత్తది పోసేటప్పుడు డబ్బా మొత్తం ఒంపేయకండి, లోపల పాతది కొంచెం మిగిలే ఉంటుంది. స్ప్లెండర్ లాంటి వాటికి డిప్‌స్టిక్కు మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. తిప్పి చూస్తే లెక్క తప్పుతుంది. రెండు గీతల మధ్య ఉంటే చాలు, పై గీత దాటితే మంచిది కాదు. కారు ఆయిలు మిగిలిందని పోయొద్దు. మన క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్లో మునిగి ఉంటాయి. కారు ఆయిళ్ళలో జారుడు పెంచే మందులు కలుపుతారు కాబట్టి క్లచ్చి జారే ప్రమాదం ఉంది. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (ఇలాంటి క్లచ్చికి పనికొచ్చే బైకు ఆయిలు గుర్తు) అని ఉందా చూసుకోండి. పాత స్ప్లెండర్‌కి కాగితం ఫిల్టరు ఉండదు. కుడివైపు క్లచ్ కవరు వెనక జాలీ, గిర్రున తిరిగి మడ్డి పట్టే కప్పు ఉంటాయి. కవరు విప్పే పని భాయ్‌కి వదిలేస్తాను. పల్సర్, బుల్లెట్ వాళ్ళకి ఫిల్టరు ఉంటుంది, మర్చిపోకండి.

చైను మాత్రం వేరేవాళ్ళకి ఇవ్వడం దండగ. అది నెలకోసారి చూసుకోవాల్సింది, సర్వీసింగ్ దాకా ఆగేది కాదు. మన బళ్ళకి మధ్యలో వేలితో కదిపితే సుమారు అంగుళం ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడండి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటే లెక్క. వెనక చక్రం రెండు పక్కలా ఉన్న గీతలు ఒకే నంబరులో ఉండాలి. డ్రమ్ము బ్రేకైతే, చైను లాగాక వెనక బ్రేకు కూడా మళ్ళీ సరిచూసుకోవాలి, చక్రం వెనక్కి జరిగింది కాబట్టి. కాలిన ఇంజనాయిలు పూయడం మన దగ్గర అలవాటు. అందులో ఉన్న మడ్డి చైనుని ఆకురాయిలా అరగదీస్తుంది. 90 నంబరు గేరాయిలు చాలు. దసరాకి అమ్మవారి కొండ కింద పూజ కోసం వాటర్ సర్వీసింగ్ చేయిస్తాం కదా, నిమ్మకాయలు తొక్కించి ఇంటికొచ్చాక చైనుకి ఆయిలు వేసేవాళ్ళు ఎందరు? రెండు రోజుల్లో తుప్పు పలకరిస్తుంది.

ప్లగ్గుకి 16 నంబరు ప్లగ్ పానా కావాలి (స్ప్లెండర్ లెక్క). ఇంజను చల్లారాక, వేళ్ళతో ఎక్కించి ఆపైన పానా. దీన్ని విప్పడంలో అసలు లాభం మార్చుకోవడం కాదు, రంగు చూడటం. ఇటుక రంగు ఉంటే క్షేమం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది. తడిగా ఆయిలు ఉంటే పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్ళు గానీ అరిగాయి. తెల్లబడితే ఇంజను మరీ వేడెక్కుతోంది. ఆ రంగు ఫోటో తీసి భాయ్‌కి చూపిస్తే సగం బేరం మన వైపు ఉంటుంది.

ఎయిర్ ఫిల్టరు గురించి ఒక్క మాట. స్పాంజి అయితే ఉతికి ఆరబెట్టి ఆయిలు పట్టించొచ్చు, పొడి కాగితమైతే లోపలి నుంచి గాలి కొట్టొచ్చు, జిడ్డు కాగితమైతే గాలి కొట్టకుండా మార్చేయాలి. గుంటూరు మిర్చి యార్డు రోడ్డున సీజన్లో రోజూ తిరిగేవాళ్ళు ఫిల్టరు దులిపేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి. మా తోడల్లుడు కట్టుకోక ఆ పూటంతా తుమ్ముతూనే ఉన్నాడు.

డబ్బుకి మించిన లాభం ఇంకోటి ఉందని 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చిన్నాన్న బండి మూడు రోజులు నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీశాక ఊళ్ళో ఏ షెడ్డు చూసినా బళ్ళ వరసే. ఆగలేక కిక్కు కొట్టినవాళ్ళు ఉన్నారు. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేకపోతుంది, లోపల ఏదో ఒకటి వంగుతుంది. మేము ముందు ప్లగ్గు తీశాం. డ్రెయిన్ బోల్టు తీస్తే మొదట ఒక గ్లాసుడు మట్టినీళ్ళు వచ్చాయి, నీళ్ళు బరువు కదా అడుక్కి చేరతాయి. ఆ వెనక ఆయిలు పాలెక్కువైన కాఫీలా జారింది. ప్లగ్గు లేకుండానే మెల్లగా కిక్కు తొక్కి సిలిండర్లో నీళ్ళు చిమ్మించాం. ట్యాంకు, కార్బరేటరు గిన్నె ఖాళీ చేశాం. చవక ఆయిలు పోసి కాసేపు నడిపి అదీ పారబోసి, మళ్ళీ మంచిది పోశాం. బ్రేకులు, బేరింగులు తర్వాత షెడ్డు వాళ్ళు చూశారు. ఆ ఇంజను ఇప్పటికీ నడుస్తోంది.

ఏ పని ఎవరికి

| పని | తప్పు జరిగితే | నా ఎంపిక |
|---|---|---|
| చైను ఆయిలు, బిగువు | చప్పుడుతో తెలుస్తుంది | మీరే |
| ఇంజనాయిలు | డ్రెయిన్ బోల్టు మర పోవచ్చు | మీరే, మణికట్టు బలంతో |
| ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గు | మైలేజీ తగ్గుతుంది. ప్లగ్గు మర వంకరైతే ఖర్చు | మీరే, తొందరపడకుండా |
| బ్రేకు బిగువు | తొక్కగానే తెలుస్తుంది | మీరే |
| బ్రేక్ షూస్ మార్చడం | ప్రాణం మీదికి | షెడ్డు. ఒకటి రెండుసార్లు పక్కన కూర్చుని చూశాక మీరు |
| ట్యాపెట్లు | తెలియకుండా వాల్వు కాలుతుంది | ఫీలర్ గేజి ఉన్న షెడ్డు |
| కార్బరేటరు | స్టార్టింగ్, మైలేజీ పాడు | షెడ్డు |
| ఇంజెక్షన్, ఏబీఎస్ | ఊహకి అందదు | కంపెనీ |

బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు అందులోని పొడిని నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. పాత షూస్‌లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు.

మీరెవరు?

*నాన్న బండి చేతికొచ్చిన కాలేజీ కుర్రాడు.* చైనుతో మొదలుపెట్టు తమ్ముడూ. రెండు నెలలు అదే. తర్వాత ప్లగ్గు, ఫిల్టరు, ఆపైన ఆయిలు. పానాలు, ప్లగ్ పానా, స్క్రూడ్రైవర్లు, గరాటు ఉంటే సరిపోతుంది. పెద్ద టూల్ సెట్టు ఇప్పుడే వద్దు.

*రోజూ గుంటూరు–విజయవాడ తిరిగే ఉద్యోగి.* పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లు అంటే నెలన్నరకే ఆయిలు మార్చే వేళ వచ్చేస్తుంది (నేను రెండున్నర, మూడు వేల కిలోమీటర్లకి మారుస్తాను). మీకు ఆదివారం ఒక్కటే మిగిలేది. నెలకోసారి చైను మీరు చూసుకోండి, తక్కినదంతా ఒకే షెడ్డుకి అప్పగించండి. మేస్త్రీని మాటిమాటికీ మార్చొద్దు. బండి చరిత్ర ఆయన తలలోనే ఉంటుంది. హైవే మీద తిరుగుతారు కాబట్టి టైరు గాలి మాత్రం వారానికోసారి, చల్లటి టైరు మీద.

*బుల్లెట్, ఆర్ఎక్స్ 100 ప్రేమికులు.* మీకు సలహా చెప్పినా వినరని తెలుసు. పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి ఫీలర్ గేజి లెక్క కాదు. ఇంజను చల్లగా ఉండగా పుష్ రాడ్డు (వాల్వుని తెరవడానికి నెట్టే కడ్డీ) వేళ్ళతో ఇబ్బంది లేకుండా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ఆర్ఎక్స్‌లో గేరు పెట్టెకి ఒక ఆయిలు, ఇంజనుకి టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు. రెండోది అయిపోయిందని చూసుకోకుండా నడిపితే పిస్టన్ పట్టేస్తుంది. ఈ బళ్ళకి మామూలు షెడ్డు కూడా చాలదు, అవే చేసే మేస్త్రీని వెతుక్కోవాల్సిందే.

*వంగి కూర్చోలేని పెద్దవాళ్ళు.* సరుకు మీరు కొనండి, పని షెడ్డులో చేయించండి, స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చోండి. కళ్ళ ముందు జరిగిన పని సగం మన చేత్తో చేసినట్టే.

*ఆర్నెల్లలో అమ్మేసేవాళ్ళు.* ఆయిలు, బ్రేకులు, గాలి. ఇంకేమీ వద్దు. కొనేవాడు ఎలాగూ తన మేస్త్రీకి చూపించుకుంటాడు.

ఇంట్లో ఆయిలు మార్చేవాళ్ళకి ఇంకో పని మిగులుతుంది, పాత ఆయిలు. మూడు కాలవల ఊరు మనది. బందరు కాలవలోనో ఏలూరు కాలవలోనో రైవస్‌లోనో ఒంపేసి చేతులు దులుపుకోవద్దు. ఖాళీ డబ్బాలో పోసి మూత బిగించి భాయ్ షెడ్డులో ఇచ్చేయండి. వాళ్ళ దగ్గర డ్రమ్ము ఉంటుంది, కొనేవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. నేను వెళ్ళినప్పుడు భాయ్ డబ్బా పైకెత్తి వెలుతురులో చూస్తాడు. ‘ఈసారి లేటు చేశావన్నా’ అంటాడు, ఎప్పుడూ అదే మాట.